ఏడో నంబరు కంప్యూటర్ మూగబోయింది

తిరూర్ దగ్గర మా హైస్కూల్లో నన్ను లెక్కలు చెప్పడానికి వేశారు. కంప్యూటర్ గది తాళంచెవి నా మెడకెలా చుట్టుకుందో ఇన్నేళ్ళయినా నాకు అంతుబట్టలేదు. మా కేరళ బడుల్లో కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. నడిచినన్నాళ్ళు దాని ఊసెవరూ ఎత్తరు, ఆగిందంటే మాత్రం అందరికీ నేనే గుర్తొస్తాను. మాస్టార్ని మా వైపు మాష్ అంటారు. "దివాకరన్ మాషే, నెట్ పోయింది." "మాషే, ప్రింటర్ కీచుమంటోంది." స్టాఫ్ రూమ్‌లో ఫ్యాన్ తిరక్కపోయినా నా వంకే చూస్తారు.

పదో తరగతి కంప్యూటర్ ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున్నే గదిలోకి వెళ్ళేసరికి సగం కంప్యూటర్లకు నెట్‌వర్క్ లేదు. ప్రశ్నలు పంపించేది, గడియారం నడిపించేది మూలనున్న సర్వర్. దాంతో మాట కలవకపోతే మిగతావి ఉత్త డబ్బాలు. బల్లల కింద దూరి తీగ పట్టుకుని పాకుతూ పోతే, ఎలుక తీరుబడిగా కొరికి పెట్టిన చోటు దొరికింది. ఎలుకను నోరారా తిట్టుకుంటూ అక్కడ కొత్త తీగ వేశాను.

నేను బల్ల కిందుండగానే హెడ్మాస్టర్ అబూబక్కర్ మాష్ ప్యూన్‌తో ఒక అట్టపెట్టె మోయించుకొచ్చాడు. పీటీఏ వాళ్ళు కొనిచ్చిన కొత్త మానిటర్. నేను బయటికొచ్చేసరికి దాన్ని ఏడో నంబరు కంప్యూటర్‌కు తగిలించేసి, దూరం నుంచి చూసి మురిసిపోతున్నాడు.

"ఏడో నంబరు నజ్వది మాష్. ఆ పిల్లకు చూపే లేదు" అన్నాను.

"తెలుసయ్యా, అందుకే! చూపులేని పిల్లకి ఆ పాత పసుపచ్చ తెర పెడతామా? పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చే టీచర్ ఏమనుకుంటుంది మన గురించి? నీకసలు మనసనేది ఉందా?"

మనసు సంగతేమో గానీ ఓపిక లేదు. పోనీలే అనుకుని మళ్ళీ బల్ల కిందికి దూరాను.

నజ్వ పుట్టుగుడ్డిది. ఏడో తరగతి దాకా ప్రత్యేక బడిలో చదివి మా దగ్గరికొచ్చింది. ఏడో నంబరులో నేను ఆ పిల్ల కోసం ఒక గొంతు పెట్టాను. తెరమీద ఏముందో అది పైకి చదువుతుంది. నజ్వ హెడ్‌ఫోన్ పెట్టుకుని దాన్ని ఎంత వేగంతో వింటుందంటే, నా చెవికది వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. మౌస్ ముట్టదు. అన్నీ మీటలతోనే. గొంతు చెప్పేది వింటూ చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తుంది, తప్పులు తనే పట్టుకుంటుంది, పట్టుకున్నప్పుడు "దొరికావురా దొంగా" అని నవ్వుతుంది.

అలాంటి పిల్లలకు ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. కాగితం పెడితే చాలు, కూర్చోకుండానే పూర్తి మార్కులు పడతాయి. నజ్వ ఆ కాగితం వద్దంది. ఎందుకంటే కోజికోడ్‌లో హాస్టల్ ఉన్న ఒక బడిలో చేరి కంప్యూటర్ సైన్స్ చదవాలని దాని ఆశ. చూపులేని పిల్లని ఒంటరిగా అంత దూరం పంపనని వాళ్ళమ్మ రుఖియ ససేమిరా అంది. చివరికి ఒకరోజు నా ముందే ఒక మాటిచ్చింది.

"పరీక్ష ఒక్కతే చెయ్యనివ్వండి మాషే. పక్కన ఎవరూ చెప్పకుండా, బయటి టీచర్ చూస్తుండగా. అప్పుడు పంపిస్తా. మీ మాట మాత్రం లెక్కలోకి రాదు. మీరు దాని పక్షం."

"చేస్తా ఉమ్మా, చూస్తూ ఉండు" అంది నజ్వ. చేస్తుందని నాకూ తెలుసు. ఆ పిల్ల గురించి నాకు బెంగే లేదు. నా బెంగంతా ఎలుకల గురించే.

బయటి టీచర్ పేరు తంకమణి. పొన్నాని వైపు ఏదో బడి నుంచి వచ్చింది. మంచి మనిషి, కాకపోతే నియమం దాటని మనిషి. ప్రతి కంప్యూటర్ దగ్గరా తనే పిల్లల నంబరు కొట్టి, పరీక్ష తెరిచి, అప్పుడు కూర్చోమనేది. నజ్వ వంతు వచ్చింది. కూర్చుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఏదో మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది. తల నా వైపు తిప్పింది.

"మాషే, ఇది మాట్లాడ్డం లేదు."

హెడ్‌ఫోన్ ఊడదీసి పెట్టాను. లేదు. నా చెవికి పెట్టుకుని చూశాను, చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు. ఇంకో హెడ్‌ఫోన్ తెచ్చాను. అదీ అంతే. తంకమణి టీచర్ అనుమతి తీసుకుని నల్ల కిటికీ తెరిచి ఆదేశాలు కొట్టడం మొదలుపెట్టాను. శబ్దం తగ్గించి ఉందా అంటే, నిండుగా ఉంది. మ్యూట్ చేసి ఉందా అంటే, లేదు. శబ్దం చూసుకునే ప్రోగ్రాముని చంపి మళ్ళీ లేపాను. లేచింది, క్షేమమేనంది. తెరమీద ఒక గీత ఉంటుంది, శబ్దం వస్తుంటే ఎగిరిపడుతుంది. నజ్వ మీట నొక్కినప్పుడల్లా ఆ గీత చక్కగా ఎగురుతోంది. అంటే గొంతు మాట్లాడుతూనే ఉంది. ఎవరికి చెబుతోందో నాకు తెలీడం లేదు.

"వేరే కంప్యూటర్‌లో కూర్చోబెడదామా టీచర్?"

"నంబరు ఇందులో తెరిచేశాను మాషే. ఇంకోదాంట్లో తెరుచుకోదు. పైగా సర్వర్‌లో టైము మొదలైపోయింది" అంది తంకమణి టీచర్. ఆవిడ గొంతులో జాలి ఉంది. జాలితో గడియారం ఆగదు కదా.

జిల్లాలో నాలాంటి లెక్కల మాష్‌లందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో పెట్టాను. ఒకడు "రీస్టార్ట్ చేశారా?" అన్నాడు. ఇంకొకడు బొటనవేలు పెట్టాడు. మూడోవాడెవడో పువ్వుతో శుభోదయం పంపాడు. ఆ పువ్వు చూస్తే వాణ్ణి కొట్టాలనిపించింది. రీస్టార్ట్ కూడా చేశాను. తెర నల్లబడి, మెల్లగా, పెళ్ళికూతురు నడిచొచ్చినట్టు మెల్లగా మళ్ళీ వచ్చింది. గొంతు మాత్రం రాలేదు.

చుట్టూ మిగతా పిల్లలు టకటకా కొట్టుకుంటున్నారు. నజ్వ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మాషే, మీకు చెమటలు పడుతున్నాయి కదా" అంది.

"నీకెలా తెలుసు?"

"పదిసార్లు ముక్కు పీల్చారు. వదిలెయ్యండి. టీచర్, ప్రశ్న ఒక్కటీ మీరు చదివి చెప్తారా? మిగతాది నేనే చేసుకుంటా. మీటలన్నీ నాకు గుర్తే."

తంకమణి టీచర్ ఆలోచించి, కూతుర్ని పిలిచినట్టు మోళే అంటూ చెప్పింది. "ప్రశ్న చదవొచ్చు. కానీ ఒక్క మాట, మోళే. నువ్వు చేస్తుండగా ఇక్కడుంది, అక్కడుంది అని మాలో ఎవరు చెప్పినా, సాయంతో చేసిందని రాయాల్సొస్తుంది."

"చెప్పొద్దు టీచర్. ఎవరూ చెప్పొద్దు." ఆ రెండో మాట నా వైపు తిరిగి అంది.

ప్రశ్న చదివి వినిపించారు. ఇచ్చిన అంకెల్లోంచి సరిసంఖ్యలు ఏరి కూడే చిన్న ప్రోగ్రాము. నజ్వ నిద్రలో కూడా రాస్తుంది. నిటారుగా కూర్చుని మీటలు నొక్కింది. ప్రోగ్రాము రాసే కిటికీ తెరుచుకుంది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. నా గుండె కాస్త కుదుటపడింది.

అప్పుడే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె ఊడిపడింది. కొత్త అప్‌డేట్లు వచ్చాయట, ఎక్కించాలంటే పాస్‌వర్డ్ ఇవ్వాలట. పొద్దున నేను కష్టపడి బాగుచేసిన నెట్‌వర్క్ మీదుగా వచ్చి కూర్చుంది ఆ దరిద్రం.

నజ్వకు అదెలా తెలుస్తుంది? రాయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల కొట్టిన ప్రతి అక్షరం ఆ పెట్టెలో పడి నల్లచుక్కగా మారుతోంది. ఒక వరుస పూర్తిచేసి ఎంటర్ నొక్కింది. పెట్టె వణికింది. 'తప్పు. మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. నజ్వ రెండో వరుస కొట్టింది. చుక్కలు. ఎంటర్. తప్పు, మళ్ళీ ప్రయత్నించండి. పెదవులు కదుపుతూ, లోపల లెక్క పెట్టుకుంటూ, ఖాళీలు ఎక్కడ వదలాలో అక్కడ వదులుతూ ఎంత పొందిగ్గా రాస్తోందో! ఒక్క అక్షరం తప్పు లేదని దాని వేళ్ళు చూస్తేనే చెప్పగలను. ఒక్క అక్షరం కూడా ఎక్కడా మిగలడం లేదు.

ఒక్క మీట నొక్కితే ఆ పెట్టె పోతుంది. ఎడమచేతి వైపు పైన, మొట్టమొదటి మీట. నజ్వ చిటికెన వేలికి జానెడు దూరం. నోరు తెరిచాను. తంకమణి టీచర్ నా వంక చూసింది. ఆవిడకూ ఆ పెట్టె కనబడుతోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, వేలు మాత్రం పెదవుల మీదుంది. చెబితే సాయం, చెప్పకపోతే సున్నా. నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి, ఇన్ని కంప్యూటర్లు విప్పి బిగించి, ఒక పిల్ల వెనక దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

"మాషే," అంది నజ్వ రాస్తూనే, "వస్తోంది కదా?"

నేను టీచర్ వంక చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సరే సరే, చెప్పొద్దన్నది నేనే." నవ్వి మళ్ళీ రాసింది.

సమయం అయిపోయింది. సర్వర్ పరీక్ష కిటికీలన్నీ మూసేసింది, ఆ పాస్‌వర్డ్ పెట్టె మాత్రం తెరమీద అలాగే మిగిలింది. నజ్వ పేరు కింద ఏమీ లేదు.

తంకమణి టీచర్ కుర్చీలో కూలబడింది. "సున్నా వెయ్యడానికి నాకు చెయ్యి రాదు మాషే. ఆ మినహాయింపు కాగితం పెట్టేయండి." అబూబక్కర్ మాష్ పరుగున వచ్చి ఆ కాగితం మీద సంతకం గిలికేశాడు. "ఇంకేం! ఫుల్ మార్కులు! అనవసరంగా పిల్లని కష్టపెట్టారు" అంటూ టీచర్‌కు చాయ, పళంపొరి అనే అరటిపండు బజ్జీలు తెప్పించాడు. నజ్వను ఎవరూ ఏమీ అడగలేదు. లేచి వసారాలోకి వెళ్ళిపోయింది.

పిల్లలందరూ వెళ్ళాక ఏడో నంబరు ముందు కూర్చున్నాను. పనికొచ్చి కాదు, కోపానికి. ఏం చెయ్యాలో తోచక ఆ కొత్త మానిటర్ తీగ పీకేశాను. బల్లమీద పడున్న హెడ్‌ఫోన్‌లో ఆవాలు చిటపటలాడాయి.

అప్పుడర్థమైంది. పాత తెర తీగలో బొమ్మ ఒక్కటే పోయేది. ఈ కొత్త తీగ శబ్దాన్ని కూడా లాక్కుపోతుంది. పొద్దుట్నించీ గొంతు ఆ మానిటర్‌లోకే పోతోంది. దానికి స్పీకరే లేదు. ఇంత సేపూ ఆ పిల్లకు అన్నీ చెబుతూనే ఉంది, గాజు పలక వెనకాల.

వసారాలోంచి ఆ చప్పుడు నేను విన్నంత వేగంగా నజ్వా విన్నట్టుంది. గుమ్మం తడుముకుంటూ వచ్చింది. నేను పాత తెర తగిలించేలోపే కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. క్షణం విని ఆగిపోయింది.

"పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇందాకటి నుంచీ ఇదేనా?"

"ఇదే."

"మీరు చూస్తూనే ఉన్నారా?"

"చూస్తూనే ఉన్నాను మోళే."

నేను పాత తెర తగిలించేసరికి తను పైనున్న ఆ మొదటి మీట నొక్కింది. పెట్టె పోయింది. అదే ప్రోగ్రాము మళ్ళీ రాసింది. నడిపించింది. జవాబు వచ్చింది. కుర్చీలో గిర్రున తిరిగి, "తంకమణి టీచర్, చూశారా?" అని పిలిచింది.

టీచర్ గుమ్మంలో ఉంది, భుజాన సంచితో. దగ్గరికొచ్చి నజ్వ తల నిమిరింది. "చూసి ఏం చెయ్యను మోళే? సీల్ వేసేశాను. మార్కులు వచ్చేశాయి కదా, మొత్తానికి మొత్తం."

"మార్కులు వచ్చేశాయి టీచర్. నేనే ఇంకా చెయ్యలేదు."

ఆవిడ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. బస్సు వేళయిందని గొణిగి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

గేటు దగ్గర రుఖియ ఎదురైంది. అప్పటికే అబూబక్కర్ మాష్ ఫుల్ మార్కుల కబురు చెప్పేసినట్టున్నాడు. అయినా ఆవిడ నవ్వడం లేదు. నజ్వ పొడుగు కర్ర తాటిస్తూ నాకంటే రెండడుగులు ముందే నడుస్తోంది.

"మాషే, నిజం చెప్పండి. ఒక్కతే చేసిందా?"

ఇప్పుడు అబద్ధమాడితే ఏ సర్వర్ నన్ను పట్టుకోదు. నోరు తెరవబోయాను.

"లేదు ఉమ్మా," అంది నజ్వ నాకంటే ముందే. "గొంతు రాలేదు. నేను రాసినవేవీ పడలేదు. మార్కులు ఊరికే వేశారు."

"ఇప్పుడు చేసిందమ్మా! నా కళ్ళముందే, రెండు నిమిషాల్లో" అన్నాను గబగబా.

"మీరు అలాగే అంటారు మాషే" అంది రుఖియ మెత్తగా. ఆవిడ ముఖం తేటపడింది. కోపం కాదు, వెటకారం కాదు. చాలా రోజుల్నించీ మోస్తున్న భయమేదో దిగిపోయినట్టుంది. "పోనీలే మోళే. మార్కులొచ్చాయి, అది చాలు. మన ఊళ్ళోనే ఏదో ఒకటి చదువుకుందువు గానీ."

కూతురి చేతిలోంచి కర్ర తీసుకుని మడిచి తన సంచిలో పెట్టుకుంది. మోచెయ్యి పట్టుకుంది. నజ్వ విడిపించుకోలేదు. ఇద్దరూ రోడ్డు దాటారు.