ఊడని స్క్రూ

ఆదివారం వస్తే మా ఆయన ఓర్విల్ పేరు మారిపోతుంది. మా షూటింగ్ క్లబ్బులో అందరికీ అంతే. పాతకాలం టోపీలు, తోలు బూట్లు, నడుముకి రివాల్వర్లు తగిలించుకుని ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకుంటారు. ఈయన పెట్టుకున్న పేరు మార్షల్, అంటే ఆ కాలపు పోలీసు అధికారి. చెత్తబుట్ట బయట పెట్టమంటే మూడు రోజులు మరిచిపోయే మనిషిని మార్షల్ అని పిలవడానికి నాకు నోరు రాదు. నాకు ఆయన ఓర్విలే.

సొకోరో ఊరి అవతల, ఎండిపోయిన వాగు పక్కన ఇనుప పలకలు నిలబెట్టి వాటిని కొట్టడం మా ఆట. ప్రతి గుండుకీ బొటనవేలితో తుపాకీ వెనకున్న బుల్లి సుత్తిని వెనక్కి లాగాల్సిన పాత రకం రివాల్వర్లే వాడాలి. కాల్చేకొద్దీ ఆ అదురుకి స్క్రూలు వదులవుతాయి. వాటన్నిటిలోకీ గడుసుది గొట్టం స్క్రూ. కాల్చిన తూటాల డొప్పల్ని బయటికి నెట్టే కడ్డీ ఒక సన్నటి గొట్టంలో ఉంటుంది. ఆ గొట్టాన్ని పట్టి ఉంచేది ఈ బుల్లి స్క్రూ ఒక్కటే. అది ఊడిందంటే గొట్టం ఎగిరి గులకరాళ్లలో పడుతుంది. ఇక ఆట ఆపి క్లబ్బంతా నడుములు వంచి వెతుక్కోవాల్సిందే.

అందుకని చాలామంది స్క్రూ తల మీద ఓ చుక్క గోళ్ల రంగు వేస్తారు. ఎండితే అది కదలదు. మా క్లబ్బులోనే ఉన్న డెస్సా అయితే వంకాయ రంగు వేసి మరీ అందరికీ చూపిస్తుంది. అది చూస్తే మా ఆయనకి ఒళ్లు మంట.

"తుపాకీకి పేరంటం ఏంటి డెస్సా? నూనె, చెయ్యి, ఓపిక. ఈ మూడూ చాలు. ఎంత బిగించాలో చేతికి తెలియాలి" అనేవాడు.

"నీ చేతికి తెలుసులే మార్షల్. నా గోళ్లకి అంత తెలివి లేదు" అనేది డెస్సా.

నిజానికి మా ఆయన గొట్టం స్క్రూ ఏనాడూ ఊడలేదు. ఎందుకు ఊడుతుంది? ప్రతి శనివారం ఆయన స్నానానికి వెళ్లగానే రంగు లేని నెయిల్ పాలిష్ దాని మీద ఓ చుక్క వేసేది నేను. ఆదివారం ఆయన చేతి మహిమ గురించి ఉపన్యాసం దంచుతుంటే పచ్చిమిరపకాయల పులుసు వడ్డిస్తూ వినేదాన్ని. నా సరదా నాది.

ఇలా ఉండగా మా క్లబ్బులో తుపాకులు బాగుచేసే వెండెల్ ఊరు వదిలి తన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. రేకుల పందిరి కింద ఉన్న అతని బల్ల ఖాళీ అయింది. ఆ బల్ల కావాలని ఓర్విల్ పడిన ఆరాటం అంతా ఇంతా కాదు. రైల్వే ఉద్యోగం అయిపోయాక ఆయనకి ఫోన్ చేసి "ఇదెలా చేయాలి?" అని అడిగినవాళ్లు లేరు. ఇంట్లో బాగున్న తలుపుల బందులే మళ్లీ మళ్లీ బిగిస్తూ కూర్చునేవాడు. చూసినప్పుడల్లా నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

బల్ల కోరుకున్నవాళ్లు అందరి ముందూ తమ సొంత తుపాకీలోనే ఒక భాగం విప్పి, కొత్తది వేసి, కాల్చి చూపించాలి. అది మా క్లబ్బు ఆచారం. తనది విప్పలేనివాడికి పరాయివాళ్లు తమది ఎందుకిస్తారు? ఏ భాగం మార్చాలో టోపీలోంచి చీటీ తీస్తారు. బల్లకి పోటీ పడింది ఇద్దరే, ఓర్విల్, డెస్సా. డెస్సాకి ట్రిగ్గర్ స్ప్రింగు వచ్చింది. కబుర్లు చెబుతూనే మార్చేసింది.

ఓర్విల్ చీటీని క్లబ్బు పెద్ద హోబర్ట్ చదివాడు. "గొట్టం స్క్రూ."

ఓర్విల్ పకపకా నవ్వాడు. నేను వేసిన చుక్క నాకు గుర్తొచ్చింది.

హోబర్ట్ తుపాకీ ఖాళీగా ఉందని చూసి ఇచ్చాడు. ఓర్విల్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాడు. కదల్లేదు. ఇంకాస్త బలంగా తిప్పాడు. స్క్రూడ్రైవర్ జారి గొట్టం మీద గీత పడింది.

"చేతికి ఇంకా తెలియలేదా మార్షల్?" అని ఎవరో వెనకనుంచి అన్నారు. అందరూ నవ్వారు. ఓర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన్ని ఆటపట్టించే హక్కు నాది. ఇంకెవరైనా ఆ పని చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"ఆయన్నేం అనకండి. దాని మీద గోళ్ల రంగు వేసింది నేను. వారం వారం వేస్తున్నా" అన్నాను.

ఓర్విల్ నా వైపు తిరిగాడు. "నువ్వా వెర్నా?"

"నేనే. ఊడి పడితే వెతకలేక చస్తామని."

డెస్సా నవ్వు ఆపుకుంటూ సంచిలోంచి రంగు తుడిచే మందు తీసింది. దూదితో స్క్రూ తల శుభ్రంగా తుడిచింది. "ఇప్పుడు తిప్పు."

ఓర్విల్ తిప్పాడు. అప్పటికీ కదల్లేదు. డెస్సా కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"వెర్నా, నీది రంగు లేని పాలిష్ కదా? మరి ఈ అంచున నీలంగా ఉందేంటి?"

నీలంగా ఉండేది ఒక్కటే. స్క్రూలు పట్టేయడానికి బజార్లో అమ్మే జిగురు. ఇంత బుల్లి స్క్రూకి పూస్తే, వేడి చేస్తే గానీ వదలదు. ఇప్పుడు అందరూ ఓర్విల్ వైపు చూశారు.

"నేనే పూశాను" అన్నాడు కిందకి చూస్తూ. "వేళ్లు మొద్దుబారిపోయాయి. బిగిసిందో లేదో తెలియడం మానేసి చాలా రోజులైంది. బిగిసిందనుకున్న స్క్రూ ఒకసారి ఇంట్లోనే రాలి పడింది."

ఎవరూ నవ్వలేదు. నాతో కూడా చెప్పలేదే అని ఏడుపొచ్చింది. పక్కన కూర్చునే కాఫీ తాగుతాడు, కప్పు రెండు చేతులతో ఎందుకు పట్టుకుంటున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

డెస్సా సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి స్క్రూ తల మీద ఆనించింది. కాసేపటికి స్క్రూ తిరిగింది. బల్ల డెస్సాకే దక్కింది. న్యాయం కూడా అదే. 

తర్వాతి శనివారం తుపాకీ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. గొట్టానికి కొత్త స్క్రూ పెట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని, నా చెయ్యి తన చేతి మీద వేసుకున్నాడు.

"నువ్వు చెప్పు. చాలా?"

"ఇంకాస్త."

"ఇప్పుడు?"

"చాలు. ఇంక తిప్పావంటే నీలాగే మొండికేస్తుంది."

నెయిల్ పాలిష్ సీసా తనే మూత తీసి అందించాడు. చుక్క వేస్తుండగా ఫోన్ మోగింది. డెస్సా. "మార్షల్‌కి ఇవ్వు. కొత్తగా చేరినాయన తుపాకీ తెచ్చాడు, గొట్టం స్క్రూ ఎంతకీ రావట్లేదు. పట్టేసిన స్క్రూ విషయంలో మీ ఆయనంత అనుభవం మా ఎవరికీ లేదు మరి."

ఎగతాళే. అయినా ఓర్విల్ లేచి నిలబడి, గొంతు సవరించుకుని, రైల్వేలో ఉన్నప్పటి గొంతుతో "చెప్పు" అన్నాడు. డెస్సా చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"వేడి తర్వాత పెడుదువుగాని డెస్సా. ముందు అతని పెళ్లాన్ని పిలిచి, దాని మీద ఏం పూసిందో అడగమను."