క్రేను నడుము

"ఒకటి, రెండు, మూడు" అని తనే లెక్కపెట్టి, దుప్పటి అంచులు బిగబట్టి, నూరు కిలోల మనిషిని ఆపరేషన్ బల్ల మీంచి స్ట్రెచర్ మీదికి లాగాడు క్రేను. అతని అసలు పేరు ఆస్పత్రిలో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లుగా రోగుల్ని ఎత్తడం, దించడమే పని. చొక్కా కింద, ఎవరో రోగి వదిలేసి వెళ్లిన నడుం బెల్టు. పొద్దున్నే భార్య నడుముకు మోకాలు ఆనించి నొక్కితేగాని మంచం దిగలేని మనిషి, ఇక్కడ మాత్రం కొండల్ని పిండి చేసేవాడిలా తిరుగుతాడు.

వారం నుంచి ఎడమ పాదం ఈడుస్తోంది. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే కాలు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్కానింగు గదిలో పనిచేసే బావమరిది దొంగచాటుగా తీసిచ్చిన ఫిల్ము మీద పేరు గీకేసి, పెద్ద డాక్టరు చూడవలసిన ఫిల్ముల మధ్య దూర్చాడు.

డాక్టరు దాన్ని లైటు పెట్టెకు తగిలించగానే కుర్ర డాక్టర్లు మూగారు.

"ఎంత చక్కగా ఉందో చూడండి! డిస్కు ముక్క బయటికొచ్చి నరాన్ని నొక్కేస్తోంది. పెద్ద కోత అక్కర్లేదు. చిన్న కన్నం, అందులోంచి కెమెరా. ముక్క లాగేస్తే మర్నాడే నడిచి ఇంటికెళ్తాడు. ఆరు వారాలు బరువులెత్తకూడదు, అంతే. ఎవరీ పేషెంటు?"

గోడవారగా ఉన్న క్రేనుకు ప్రాణం లేచొచ్చింది. నోరు జారాడు.

"నేనేనండీ."

"నువ్వా? దుక్కలా ఉన్నావు కదయ్యా!" అని నవ్విన డాక్టరు, మరుక్షణం పక్కనే ఉన్న సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "వీడు ఎవర్నయినా జారవిడిస్తే నా పీకకు చుట్టుకుంటుంది."

మధ్యాహ్నానికల్లా సూపర్‌వైజరు తేల్చేశాడు. "ఎత్తని క్రేనుతో మాకేం పని? వేరేవాణ్ని పిలిచాం."

"తలుపు దగ్గర కూర్చోబెట్టండి బాబూ."

"తలుపుకు గడియ ఉందిలే."

"ఆపరేషనైనా చేయిస్తారా అండీ?"

"అది ఇక్కడ పనిచేసేవాళ్లకు."

ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అంటారు. మనిషి ఏనుగు కాడు. అతను బయటికి కదిలాడు. ఆపరేషన్ గదిలోంచి కేక వినబడింది.

"క్రేనూ! కొత్తవాడింకా రాలేదు. పోయేముందు ఈ ఒక్కర్నీ దించి పో."

అలవాటు పడిన నడుము వంగింది. "ఒకటి, రెండు..." మూడు అనలేదు, పళ్లు బిగబట్టి లాగాడు. రోగి క్షేమంగా దిగాడు.

మరో ఆస్పత్రిలో చూపించుకోవడానికి ఫిల్ము అడగబోతే కుర్ర డాక్టరు అడ్డుపడ్డాడు. "అది ఉండనీ. పాఠం చెప్పడానికి ఇంత మంచిది మళ్లీ దొరకదు."

క్రేను కమ్మీ పట్టుకుని, పాదం ఈడ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు.

లైటు పెట్టె మీద పేరులేని అతని వెన్నెముక, జారిన ముక్క చుట్టూ ఎవరో గీసిన ఎర్ర సున్నాతో, వెలుగుతూనే ఉంది.