నిన్నవైపు పడ్డ ముడి

పొద్దున్నే షట్టరు ఎత్తగానే జడల పిన్ని ముందు దువ్వెనలన్నీ సబ్బునీళ్ళలో వేసేది. తరవాత అద్దం తుడిచేది. ఆ వేళకే ఎవరో ఒకరు వచ్చి, "మొన్న జడలో పెట్టుకున్న పిన్ను పోయింది పిన్నీ" అనేవారు. ఆవిడ వాళ్ళ జడ పట్టుకుని, మణికట్టు దాకా చెయ్యి నిన్నవైపు పెట్టి, మొన్నటి జడలోంచి పిన్ను తీసి చేతిలో పెట్టేది. నిన్నవైపంటే పైకీ కిందకీ కాదు, కుడికీ ఎడమకీ కాదు, ముందుకీ వెనక్కీ కాదు. ఇంకోవైపు. చెయ్యి అటు వెళ్ళినంతసేపూ కనబడదు. వీధిలో అందరూ ఎరిగిన సంగతే.

"అటు చల్లగా ఉందా పిన్నీ?" అని పక్క కుర్చీలోంచి టైలరమ్మ అడిగేది.

"మొన్న వాన పడింది కదమ్మా, కాస్త తడిగా ఉంది."

చిక్కులంటే పిన్నికి లెక్కే లేదు. ఒక పోగుని నిన్నవైపు కాస్త ఎత్తి, రెండోదాన్ని దాటించి, మళ్ళీ ఇవతలకి దించేది. అటు ఎత్తే చెయ్యి ఉండాలే గాని, పోగుకి పడ్డ ముడి ఏదైనా విడిపోవాల్సిందే.

ఒక మధ్యాహ్నం బేకరీలో పిండి కలిపే ఆవిడ, పదో తరగతి పాసయిన ఆవిడ కూతురూ వచ్చారు. కలిసే వచ్చారు గాని, ఒకరు గుమ్మానికి ఆ చివర, ఒకరు ఈ చివర.

"జుట్టు మెడదాకా కత్తిరించెయ్ పిన్నీ" అంది పిల్ల. "సాయంత్రం బస్సుకి మేనత్త ఊరు వెళ్ళిపోతున్నా. ఇంక అక్కడే చదువుకుంటా."

తల్లి అద్దం వంక చూస్తూ, "కత్తిరించినా లాభం లేదని చెప్పు పిన్నీ దానికి. పోయిన నెల కత్తిరించుకుంది. తెల్లారేసరికి పెరిగి, మళ్ళీ అక్కడే ముడి" అంది.

"నాతో చెప్పొచ్చుగా, ఇక్కడే ఉన్నా."

"వినపడిందిగా!"

"అబ్బో, పిన్నికి ఇవాళ పోస్టుమాన్ ఉద్యోగం కూడా వచ్చింది" అంది టైలరమ్మ.

పిన్ని పిల్లని కూర్చోబెట్టి మెడ వెనక తడిమింది. ఉంది ముడి, చింతగింజంత. చెయ్యి నిన్నవైపు పెట్టి ఎత్తింది. రాలేదు. ఇంకోలా ఎత్తింది. ఊహూఁ. తన చేతికి లొంగని ముడి ఆవిడ అంతకుముందు చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది వెంట్రుకకి పడ్డ ముడి కాదు తల్లీ. ఇవాళ్టి జడని ఆనుకుని నిన్నటిది, దాన్ని ఆనుకుని మొన్నటిది ఉంటాయి. ఒక్కో పాయా అలా రోజుల వెంబడి సాగి సాగి గుడ్డ అవుతుంది. మూడు పాయలూ మూడు గుడ్డలై అల్లుకుంటాయి. ముడి ఆ గుడ్డకి పడింది. దారమైతే అటు ఎత్తి విప్పేదాన్ని. గుడ్డ అటు కూడా పరుచుకునే ఉందే, ఇంకెటు ఎత్తను?"

"అయితే ఇక రాదా?" అంది తల్లి.

"ఉండు. ఒక్కో రోజు జడా తడుముకుంటూ వెళ్తే ఎక్కడ పడిందో దొరుకుతుంది." పిన్ని కళ్ళు మూసుకుంది. "ఇది నువ్వు వేసుకున్నదే... ఇదీ నువ్వే... పరీక్షల తొందర కాబోలు, వదులుగా ఉంది... ఇదిగో! ఇది మీ అమ్మ వేసింది. మర్నాటి నించీ నువ్వు. అమ్మయితే పక్క పాయని నడిమి పాయ మీంచి వేస్తుంది, నువ్వు కిందనించి వేసుకుంటావు. మీద నడిచే గుడ్డ ఒక్కసారిగా కిందకెలా పోతుంది? దారి లేక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి."

"భుజం మీంచి ముందుకి లాక్కుని వేసుకుంటే అలాగే వస్తుంది మరి" అంది పిల్ల.

"నేను వేస్తుంటేనే కదా తోసేశావు" అంది తల్లి.

ఆ పొద్దున జడ చివరికొచ్చేసరికి పిల్ల తల విదిల్చుకుని, "నీ చేతులు పులిసిన పిండి కంపు. బళ్ళో నవ్వుతున్నారు. ముట్టుకోకు" అంది. తల్లి దువ్వెన కిందపెట్టి తిరిగి బేకరీకి వెళ్ళిపోయింది. మళ్ళీ అందుకోలేదు.

"మీదనించి కిందకి మారాలంటే, పాయలు ఊరికే తాకి వదిలేసే చోటొకటి మధ్యలో ఉండాలి. అది మీరు పెట్టలేదు" అంది పిన్ని. "ఆ జడ వేసిన చెయ్యే వెళ్ళి పెట్టాలి. ఇలా రా అమ్మాయ్" అని తల్లిని పిలిచింది.

"నేనా? ఇప్పుడే పనిలోంచి వచ్చా, చేతులు..."

"పర్లేదు" అంది పిల్ల, తల తిప్పకుండా.

పిన్ని పట్టుకుని నడిపిస్తే తల్లి చెయ్యి మణికట్టు దాకా మాయమైంది. అటువైపు కోపంతో వేడెక్కిన చిన్న తల తగిలింది. ఆవిడ లాగలేదు, అల్లలేదు. రెండు పాయలు వేళ్ళ మధ్య పట్టుకుని, ఒకదానికొకటి ఆనించి, వదిలింది.

కుర్చీలో పిల్ల ఉలిక్కిపడింది. ఆ పొద్దున తను ఆ మాట అన్నాక, వెనక ఎవరో వెళ్ళిపోకుండా కాసేపు పాయలు పట్టుకుని నిలబడ్డట్టు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ గుర్తు లేదు.

పిన్ని దువ్వెన పెట్టింది. నడినెత్తి నించి చివరిదాకా ఎక్కడా ఆగకుండా జారింది.

"ఎంత కత్తిరించను?"

పిల్ల జుట్టంతా భుజం మీంచి ముందుకి తీసుకుని చేత్తో పట్టుకుంది.

"బస్సుకి టైమవుతోంది" అంది తల్లి మెల్లిగా.

"నువ్వు పొద్దున్న ఎన్నింటికి లేస్తావు?"

"మూడున్నరకి. ఏం?"

"నన్నూ లేపు. నువ్వు వెళ్ళేలోపు జడ వేద్దువుగాని. రావట్లేదని అత్తకి నేను ఫోన్ చేస్తాలే."

"ఆ వేళకి నువ్వా! లేస్తావా?"

"లేవకపోతే జుట్టు పట్టుకు లేపు."