మాటకు అడ్డుపడని తెర

నేను ఒక మడత తెరను. మూడు రెక్కలు, ఇనుప గొట్టాల చట్రం, కింద చక్రాలు, పైనుంచి కిందికి పచ్చ బట్ట. ఆసుపత్రిలో మీరు నన్ను చూసే ఉంటారు, చూసి అప్పటికప్పుడే మరిచిపోయి ఉంటారు. నన్ను చూడటానికంటూ ఎవరూ రారు. నా వెనక ఉన్నది కనబడకూడదనే నన్ను తెచ్చి నిలబెడతారు.

రాజమండ్రిలో గేట్లూ కిటికీ ఊచలూ చేసే షెడ్డులో పుట్టాను. గొట్టాలు అతికిన మస్తాన్ వలీ నన్ను ఒకసారి తెరిచి, మూసి, "ఇదేం వస్తువయ్యా బాబూ! తలుపా అంటే తలుపు కాదు, గోడా అంటే గోడ కాదు" అని నవ్వాడు. అక్కణ్ణుంచి ఒక పురుళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ నాతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. నొప్పులు పడే మనిషి కేకలు వీధి చివరి దాకా వినబడేవి, పసిగుడ్డు ఏడవగానే అమ్మమ్మలు నా మీదుగా మెడలు సాచి తొంగిచూసేవారు. అక్కడి డాక్టరమ్మకు వయసు మీదపడి ఆసుపత్రి మూసేశాక, మంచాలతో పాటు నన్నూ చిన్న లారీలో వేసి రావులపాలెం పంపేశారు.

అక్కడ 'సాంత్వన' అనే విశ్రాంతి కేంద్రం. ఎముకలు విరిగినవాళ్ళు, పక్షవాతం తగిలినవాళ్ళు, పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళు అక్కడ కొన్ని వారాలు ఉండి, మళ్ళీ నడక నేర్చుకుని ఇళ్ళకు వెళ్తారు. నన్ను ఆడవాళ్ళ హాల్లో పెట్టారు.

నాకు కుతూహలం ఎక్కువ. ఉండదా మరి? నాకు ఇటొక మంచం, అటొక మంచం. ఇటువాళ్ళకు అటు కనబడదు, అటువాళ్ళకు ఇటు కనబడదు, నాకు రెండూ తెలుసు. ఆ కేంద్రంలో రోగుల సంగతులు బయటికి పొక్కకూడదని చాలా జాగ్రత్తలు పడేవారు. కాగితాలు బీరువాలో, బీరువా తాళం హెడ్ నర్సు ఎస్తేరు సిస్టర్ నడుముకు. కంప్యూటరు తెరవాలంటే రహస్య సంకేతం. గుమ్మం దగ్గర గోడ మీద 'మీ వివరాలు మా దగ్గర భద్రం' అని పెద్ద అక్షరాల్లో రాయించారు. ఇంత చేసినవాళ్ళు మంచం దగ్గరికి వచ్చేసరికి నన్ను సర్రున లాగి, ఇంక చుట్టూ ఎవరూ లేనట్టు గొంతెత్తి మాట్లాడేవారు. నాకది వింతగా ఉండేది. కంటికి కనబడకపోతే చెవికీ వినబడదని మనుషులు ఎందుకనుకుంటారో నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు. నేను బట్టను. గాలికే ఊగుతాను, మాటనేం ఆపగలను?

ఆ రోజుల్లోనే కడలి వరహాలమ్మ వచ్చింది. పెళ్ళిళ్ళకు వంటలు చేసే మనిషి. కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ చేతి పనసపొట్టు కూర కోసం ముహూర్తం ఒకరోజు ముందుకో వెనక్కో జరుపుకున్న ఇళ్ళున్నాయని చెప్పుకునేవారు. భర్త పోయాక గరిటె పట్టి, తనలాంటి ఆడవాళ్ళను పదిమందిని కూడగట్టి, కూతురికి పెళ్ళి చేసింది. ఒక పెళ్ళివారింటి పెరట్లో గంజి పడిన గచ్చు మీద జారి తొడ ఎముక విరిగింది. రాజమండ్రిలో ఆపరేషను చేసి, నడక కోసం ఇక్కడికి పంపారు.

వచ్చిన పూటే సాంబారు నోట్లో పెట్టుకుని, "పప్పు ఉడక్కుండానే పులుసు పోసేశారమ్మా. ఆ వంటాయన్ని ఓసారి నా దగ్గరకి రమ్మనండి, కోప్పడనులే" అంది. హాలంతా నవ్వింది.

పక్క మంచం హైమావతి గారిది. మోకాలి ఆపరేషను. ఆవిడ మనవరాలి పెళ్ళి దగ్గర పడుతోంది. వంట ఎవరిదనుకున్నారు? వరహాలమ్మదే. ఎప్పుడో మాట్లాడుకున్నారు, ఇక్కడ మంచాలు పక్కపక్కన పడ్డాయి. ఇద్దరికీ పండగే. నన్ను గోడకు నెట్టేసి పొద్దస్తమానం అవే కబుర్లు.

"గుత్తివంకాయ పెట్టాలమ్మాయ్. మగపెళ్ళివారు కృష్ణా జిల్లా వాళ్ళు, నోరు కారం అడుగుతుంది" అనేది హైమావతి గారు.

"పెడదారండీ. కానండీ, పనసపొట్టు ముందొడ్డిత్తే ఆళ్ళింక వంకాయ జోలికెళ్ళరు. నేను లెగిసి నిలబడలేకపోయినా కుర్చీ ఏసుక్కూచుని చేయిత్తాను, మీరేం బెంగెట్టుకోకండి."

ఒకరోజు ఉదయం డాక్టర్ ప్రద్యుమ్న రౌండ్లకు వచ్చాడు. మంచివాడు. చెయ్యి మెత్తన, గొంతు మాత్రం గంట. రాజమండ్రి నుంచి వరహాలమ్మ రక్త పరీక్షల ఫలితాలు ఆలస్యంగా చేరాయి. పద్ధతి ప్రకారం నన్ను లాగాడు. రెండు మంచాల మధ్య నిలబెట్టాడు.

"వరహాలమ్మ గారూ, మీ రక్తంలో హెపటైటిస్ బి ఉందని వచ్చింది. అంటే కామెర్ల జాతి వైరస్. మీకు ముందెప్పుడైనా చెప్పారా?"

"కామెర్లా? నాకా? నాకెవరూ చెప్పలేదండీ బాబూ!"

ఆవిడ ముఖం పాలిపోయింది. అది చూసి డాక్టరుకు జాలేసింది. మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి, ఆవిడ చెయ్యి పట్టుకుని గొంతు బాగా తగ్గించాడు. ఇది వంట వల్ల, తిండి వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల వచ్చేది కాదన్నాడు. రక్తం వల్ల వస్తుంది, ఎప్పుడు ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పలేం, అందులో మీ తప్పేమీ లేదన్నాడు. వేలు తెగితే కట్టు కట్టుకోండి, ఇంట్లోవాళ్ళకు పరీక్ష చేయించి టీకా వేయిద్దాం, మీరు హాయిగా వంట చేసుకోవచ్చన్నాడు.

జబ్బు పేరు గట్టిగా చెప్పాడు, ఓదార్పు మెల్లగా చెప్పాడు. గట్టిగా చెప్పింది నన్ను దాటి అటు వెళ్ళిపోయింది. మెల్లగా చెప్పింది ఇటే ఉండిపోయింది. అటువైపు మంచం మీద హైమావతి గారు చేతిలోని కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది.

డాక్టరు వెళ్ళాక ఆయా నన్ను పక్కకు జరపబోయింది. "కాస్త ఆ తెర అలాగే ఉండనీ అమ్మా. వెలుతురు కళ్ళలో పడుతోంది" అంది హైమావతి గారు. నిజానికి వరహాలమ్మ వైపు కిటికీయే లేదు.

ఆ రోజు నుంచి గుత్తివంకాయ మాట లేదు. వరహాలమ్మ ఇటునుంచి పలకరిస్తే అటునుంచి "ఊఁ" అని మాత్రం వచ్చేది. ఒక మధ్యాహ్నం వరహాలమ్మ కునుకు తీస్తోందనుకుని హైమావతి గారు తన కొడుకుతో ఫోనులో మాట్లాడింది. "ఒరేయ్, వంటకి వేరేవాళ్ళని చూడండి. ఎందుకేమిటని అడక్కు. కామెర్లట్రా. అంతమంది తినే తిండి... లేదులే, నేనెవరికీ చెప్పను, నువ్వూ చెప్పకు." ఆ గొంతులో పగ లేదు, భయం ఉంది. కానీ వరహాలమ్మ నిద్రపోలేదు. కళ్ళు తెరిచి నా బట్ట వైపే చూస్తూ పడుకుంది.

చెప్పవద్దన్న మాట చెప్పవద్దనుకుంటూనే ఊళ్ళు తిరిగింది. రెండు రోజులకే వరహాలమ్మ తరవాత వంటబృందాన్ని నడిపే లోవకుమారి ఫోను చేసింది. ఒక పెళ్ళి పోయింది, ఒక సీమంతం పోయింది, మీ వరహాలమ్మకు కామెర్లంట కదా అని సంతలో అడుగుతున్నారంది. వరహాలమ్మ ఫోను పక్కన పెట్టి ఎస్తేరు సిస్టర్‌ని పిలిచింది.

"ఎవరు చెప్పారమ్మా? మీ కాయితాల్లోంచి ఎవరు తీసి చెప్పారు?"

సిస్టర్ నడుముకున్న తాళం తడుముకుంది. "ఒట్టు వరహాలమ్మ గారూ, బీరువా ఎవరూ తియ్యలేదు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తెలుసు, బీరువా తప్పేమీ లేదని. చెప్పే నోరే లేదు నాకు.

ఆ మాట ఎక్కడ పొక్కిందో బయటపెట్టింది హైమావతి గారే, తనకు తెలియకుండానే. మర్నాడు రౌండ్లలో డాక్టరుని దగ్గరకు పిలిచి, "ఏమండీ, కామెర్ల మనిషి పక్కన నన్ను పడుకోబెడతారా? మంచం మార్పించండి" అంది.

డాక్టరు నావైపు చూశాడు. నేను పుట్టాక మొదటిసారి ఒక మనిషి నన్ను నిజంగా చూశాడు. బట్ట అంచు వేళ్ళతో పట్టుకుని చూశాడు, ఎంత పలచనో. 'తిండి వల్ల వచ్చే కామెర్లు వేరు, ఇది వేరు' అని నోటి దాకా వచ్చింది, పెదవులు కదిలాయి కూడా. అక్కడే ఆగిపోయాడు. ఆ మాట అంటే మళ్ళీ ఆవిడ సంగతే చెప్పినట్టు.

"పక్కవాళ్ళ ఆరోగ్యం గురించి నేను మీకేమీ చెప్పకూడదండీ" అన్నాడు.

"అంటే నిజమేనన్నమాట!" అంది హైమావతి గారు.

చెబితే ఒక తప్పు, చెప్పకపోతే పుకారుకి బలం. అతను అలా నిలబడిపోవడం చూస్తే నాకు జాలీ వేసింది, తరవాత ఏం చేస్తాడో చూడాలనీ అనిపించింది. హైమావతి గారిని నడక గదికి తీసుకెళ్ళేదాకా ఆగాడు. హాల్లో మిగతావాళ్ళు కూడా ఎండలోకి వెళ్ళాక వరహాలమ్మ దగ్గరికి వచ్చి, నన్ను లాగకుండానే కుర్చీ వేసుకున్నాడు.

"పొరపాటు నాదండీ. ఎవరూ కాగితాలు తియ్యలేదు. ఆ రోజు నేనే గట్టిగా మాట్లాడాను. మీరు ఊఁ అంటే నేనే పక్క మంచం వాళ్ళకి, మీ వంటవాళ్ళకి, ఇంకెవరికైనా సరే, ఇది తిండి వల్ల వచ్చేది కాదని వివరంగా చెబుతాను. వద్దంటే నోరెత్తను."

వరహాలమ్మ దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. తరవాత అడిగింది. "రక్తం వల్ల వత్తాదన్నారు. ఇంకెలాగొత్తాది?"

అతను తటపటాయించాడు. తల్లి నుంచి బిడ్డకు, కలిసి కాపురం చేసినవాళ్ళ నుంచి, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి పొడిస్తే, అని చెప్పాడు.

"అయితే మీరు చెప్పకండి బాబూ. మీరు వివరంగా చెప్పారంటే, కామెర్లన్న నోళ్ళే రేపు నా మొగుణ్ణి తవ్వుతాయి, నన్ను తవ్వుతాయి." ఆవిడ గొంతులో కోపం సలసల కాగింది. "మీ నోట్లోంచి ఓసారి పోయింది, చాలు. మిగతాది ఎంత చెప్పాలో, ఎవరికి చెప్పాలో నేను చూసుకుంటాను. నా ఒంటి సంగతి నాదండీ."

"మీదేనండీ" అన్నాడు డాక్టరు, తల వంచుకుని.

ఆ సాయంత్రం హైమావతి గారు తిరిగి వచ్చి పడుకున్నాక, వరహాలమ్మ మంచం దిగింది. వాకర్ పట్టుకుని ఒక్కతే రావడం అదే మొదలు. ఒక్కో అడుగుకీ పళ్ళు బిగపట్టి నా దగ్గరికి వచ్చి, మోచేత్తో నన్ను పక్కకు నెట్టింది. నా చక్రం కిర్రుమంది. హైమావతి గారు ఉలిక్కిపడి లేచింది.

"ఏవండీ, మీరు ఇన్నది నిజమే. నా రక్తంలో ఏదో ఉందంట. తిండిలోకి రాదంట, డాక్టరు గారు మెల్లగా చెప్పారు, అది మీకు ఇనబడలేదు. నా మాట నమ్మొద్దు. నా పేరు ఎత్తకుండా, ఆ జబ్బు తిండి వల్ల వత్తాదా రాదా అని మీరే ఏ డాక్టర్నైనా అడగండి. రాదని చెప్పాక కూడా వద్దనిపిత్తే వద్దనండి, మీ ఇంటి పెళ్ళి మీది. కానీ ఇంకోళ్ళతో చెప్పేముందు నన్నొక్క మాట అడగాల్సింది. పక్కపక్కనే కదండీ పడుకున్నాం."

హైమావతి గారు దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది. "భయమేసింది వరహాలూ" అంది చివరికి. "చిన్నపిల్ల పెళ్ళి కదా."

"నాకూ భయమేసిందండీ" అంది వరహాలమ్మ. అప్పటికే కాలు వణుకుతోంది. హైమావతి గారు కాళ్ళు పక్కకు జరుపుకుని, తన మంచం మీదే ఆవిడకు చోటిచ్చింది.

పేరెత్తకుండా అడిగింది కూడా. ఎస్తేరు సిస్టర్‌నీ, నడక నేర్పే అమ్మాయినీ, ఫోనులో తమ చుట్టాల డాక్టరునీ. అందరూ ఒకటే చెప్పారు. అయినా ఆ పెళ్ళి వరహాలమ్మకు తిరిగి రాలేదు. కొడుకు అప్పటికే వేరేవాళ్ళకు మాట ఇచ్చేశాడు, వెనక్కి తీసుకోనన్నాడు. హైమావతి గారు ఇంటికి వెళ్ళే రోజు లోవకుమారి క్యారియర్లో పనసపొట్టు కూర తెచ్చింది. కొడుకు సంచులు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తూండగా, హైమావతి గారు వరహాలమ్మ ముందు కంచం చాపి, "ఇలా వెయ్యమ్మా, నీ చేత్తో" అంది. రెండోసారీ వేయించుకుంది.  ఆ తరవాత ఆవిడ చుట్టాల్లో ఒకళ్ళింట్లో బారసాల వంట వరహాలమ్మకు వచ్చిందట. తక్కినవి కొన్ని వచ్చాయి, కొన్ని ఇప్పటికీ రాలేదు.

కేంద్రంలో డాక్టరు స్టోరు గది ఖాళీ చేయించి, తలుపు గట్టిగా పడేలా చేయించాడు. జబ్బు మాట చెప్పాలంటే రోగిని అక్కడికే తీసుకెళ్ళాలి, కదలలేనివాళ్ళ దగ్గర చెవి దగ్గరగా కూర్చుని మాట్లాడాలి, పక్కన చుట్టాలుంటే ఉంచమంటారా పంపమంటారా అని ముందు రోగినే అడగాలి. గుమ్మం దగ్గరి అక్షరాలు చెరిపించేశాడు. హాల్లోకి కప్పు నుంచి వేలాడే కొత్త తెరలు వచ్చాయి. నన్ను పాత ఇనుముకు వేద్దామంటున్న రోజున, ఇంటికి వెళ్ళాక మళ్ళీ కాలు చూపించుకోవడానికి వచ్చిన వరహాలమ్మ నన్ను చూసి ఆగింది.

"దాన్ని నాకిచ్చేయండి సిస్టరూ. పెళ్ళిళ్ళలో మా ఆడోళ్ళు చీర మార్చుకుందామంటే చాటే ఉండదు."

అలా నేను ఇప్పుడు వంటవాళ్ళ వ్యానులో ఊళ్ళు తిరుగుతున్నాను. పందిరి వెనక, పొయ్యిల పొగ తగలని చోట నన్ను నిలబెడతారు. చెమటకు తడిసిన చీరలు విప్పి పొడివి కట్టుకుంటారు. నా బట్టకు ఆవాలూ నెయ్యీ వాసన పట్టింది. ఈ పని నేను బాగా చేయగలను.

మొన్న ఆలమూరు దగ్గర ఒక పెళ్ళిలో లోవకుమారి నా వెనకకు వచ్చి, వరహాలమ్మ కొంగు పట్టుకుంది. "అక్కా, నాకో రిపోర్టొచ్చింది" అంది.  నేను ఎప్పటిలాగే చెవులు రిక్కించాను.

"ఇక్కడొద్దు" అంది వరహాలమ్మ. పొయ్యిల మీద కూర ఉడుకుతోంది, గరిటె ఇంకొకరి చేతికిచ్చింది. కొద్దిగా కుంటుతూ, లోవకుమారి భుజం మీద చెయ్యి వేసి, కొబ్బరితోట దాటి కాలవ గట్టు దాకా తీసుకెళ్ళింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. తలలు దగ్గరగా వంచి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.