పదిహేడా, ఇరవైరెండా

మా ఆయన డెల్మర్ చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. చివరికొచ్చేసరికి చెప్పే ఓపిక నాకు ఉంటుందో ఉండదో.

ఏప్రిల్ నెలాఖరున మా కంచె పక్కన ఒక గ్రౌండ్‌హాగ్ బొరియ తవ్వింది. పిల్లికి రెండింతల లావు, పొట్టి కాళ్ళు, ఎలుక పళ్ళు, తినడం తప్ప ఇంకో వ్యాపకం లేని బతుకు. కెంటకీ కొండల్లో అది కాలుపెట్టని తోట లేదు కాబట్టి మామూలుగా అయితే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఆ ఏడు సంగతి వేరు.

మా ఇంట్లో ఒక చిక్కుడు ఉంది. నూగు లేకుండా నున్నగా ఉండే కాయ, లోపల ముదురు గోధుమ రంగు గింజ. మా అమ్మమ్మ పెళ్ళయి ఈ లోయకు వచ్చినప్పుడు గౌను జేబులో వేసుకొచ్చింది. ఏ కొట్లోనూ దొరకదు. మా వైపు ఇంటికొక చిక్కుడు ఉంటుంది, ఆ ఇంటి ఆడవాళ్ళే దాన్ని కాపాడుకోవాలి. అంతకు ముందటేడు వానలకు పంటంతా కుళ్ళి గుప్పెడు గింజలు దక్కాయి. మా చెల్లెలు పట్నం వెళ్ళి తోట మానేసి పదేళ్ళయింది, దాని దగ్గరా విత్తనం లేదు. ఉన్న గుప్పెడూ ఆ మే నెలలో నాటేశాను. అవి కాసి, కాయ తీగ మీదే తోలులా ఎండితే విత్తనం. లేకపోతే మూడు తరాల చిక్కుడు నా చేతుల్లో అంతరించినట్టు.

ఇదంతా డెల్మర్‌కు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, గోడకున్న పాత ఇరవైరెండు తుపాకి (తూటా లావును బట్టి ఆ పేరు) తీసుకుని ఎస్టిల్ కొట్టుకు వెళ్ళాడు. ఎస్టిల్ దగ్గర దాణా, విత్తనాలు, మేకులు, తుపాకులు అన్నీ దొరుకుతాయి. సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"తుపాకేదీ?" అన్నాను.

"ఇచ్చేశానే. కొత్తదాని కింద జమ కట్టుకున్నాడు."

"మరి కొత్తది?"

"ఏది కొనాలో ఇంకా తేల్చుకోలేదు. అంత తొందరపడి కొనే వస్తువు కాదది."

పాతది ఇచ్చేశాడు, కొత్తది తేలేదు. ఆ తుపాకితో నేను ఇరవయ్యో ఏట నుంచీ ఉడతలు కొట్టాను. అది గోడ మీద ఉండి ఉంటే ఆ మర్నాడు పొద్దున్న కాఫీ తాగేలోపు ఈ కథ అయిపోయేది.

మరుసటి రోజు నుంచి మా వరండాలో సభలు మొదలయ్యాయి. డెల్మర్, ఆయన చిన్ననాటి స్నేహితుడు హోబర్ట్, కొట్టు మూసేశాక ఎస్టిల్. వరండా నుంచి బొరియ దాకా తొంభై గజాలు. డెల్మర్ మూడుసార్లు అడుగులేసి కొలిచాడు, మూడుసార్లూ తొంభయ్యే వచ్చింది, మూడోసారి గ్రౌండ్‌హాగ్ బొరియలోంచి తల బయటపెట్టి చూసింది కూడా.

"ఇరవైరెండు అంత దూరం పోయేసరికి నీరసపడి కిందికి వాలిపోద్దిరా," అన్నాడు హోబర్ట్. "దెబ్బ తిన్నది బొరియలో దూరి చస్తది. పాపం కదా. పదిహేడు తీసుకో. సన్న తూటా, గీత గీసినట్టు పోద్ది."

"పోద్ది, పోద్ది," అన్నాడు ఎస్టిల్. "కాస్త గాలి వీచిందంటే పక్కింటోడి కొట్టంలోకి పోద్ది. మాగ్నం తీసుకోరా డెల్మర్. అదీ ఇరవైరెండే, కాకపోతే మందు ఎక్కువ."

"మరి అక్టోబర్లో ఉడతలో?" అన్నాడు డెల్మర్. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తోటకూ, కూరకూ ఒకే తుపాకి కావాలి ఆయనకి. "పదిహేడుతో ఉడతను కొడితే తోక మిగులుద్ది. దాన్ని గ్రేవీలో వేసుకుని తినమంటావా?"

"తలకి కొట్టరా. నీకు గురి లేకపోతే తుపాకిని అంటావేంటి?" అన్నాడు హోబర్ట్.

"నాకు గురి లేదా? ఒరే, నాకా గురి లేనిది?"

అంతే, ఆ రోజు సభ అక్కడితో చాలు. మే నెలంతా డెల్మర్ ఇరవైరెండు మనిషి. జూన్‌లో హోబర్ట్ మాట విని పదిహేడు మనిషయ్యాడు. ఈలోగా నా చిక్కుళ్ళు మొలిచి, కర్రలు పట్టుకుని పైకి పాకాయి, కింద వరస ఒకటి ఒక్క పొద్దులో మాయమైంది. నేను కోళ్ళ వల కట్టాను, అది కిందనుంచి తవ్వుకుని వచ్చింది. మిరియాల పొడి చల్లాను. మంగలి దగ్గర్నుంచి జుట్టు తెచ్చి చుట్టూ పరిచాను. ఆ జుట్టు మీద పడుకుని ఎండ కాచుకుంటూ కనబడింది.

"హోబర్ట్, నీ దగ్గర తుపాకులు ఏడున్నాయి కదయ్యా," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక. "ఒకటి తెచ్చి దాన్ని కాల్చి పుణ్యం కట్టుకో."

ముగ్గురూ నా వంక అదోలా చూశారు. నేనేదో చర్చిలో బూతు మాట్లాడినట్టు.

"వదినా, వాడి నేల మీద నేను కాలుస్తానా? వాడు కొట్టుకెళ్ళి మొహం ఎట్టా చూపిస్తాడు?" అన్నాడు హోబర్ట్.

"పోనీ నాకివ్వు, నేను కాలుస్తాను."

"అది ఇంకా ఘోరమే," అన్నాడు మా ఆయన.

జూలైలో గాలి కొలత మొదలైంది. పదిహేడు గాలికి కొట్టుకుపోతుందని ఎస్టిల్ అన్నాడు కదా, అది నిజమో కాదో తేలాలి. హోబర్ట్ వాళ్ళావిడ పాత ఎర్ర పరుపు గుడ్డ చింపి, వరండా నుంచి బొరియ దాకా కనబడ్డ ప్రతి గుంజకూ, కొమ్మకూ పీలికలు కట్టారు. చేతిలో తుపాకి లేదు, తూటా లేదు. ఇద్దరు మగాళ్ళు కుర్చీల్లో కూర్చుని పీలికలు ఏ వైపు ఎగురుతున్నాయో నోట్‌బుక్‌లో రాసుకునేవారు. వాటి కింద అది నా రెండో వరస తింటోంది. ఆ నోట్‌బుక్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు, నేను చూశాను.

నాకు కోపం వచ్చిందా అంటే వచ్చింది. పళ్ళెం పగలగొట్టేంత కోపం. కానీ డెల్మర్ సాయంత్రం నా పక్కన కూర్చుని, "కంగారు పడకే ఓర్లీనా, ఒకే ఒక్క తూటా, బాధ తెలీకుండా పోవాలది, అందుకే ఇంత ఆలోచిస్తున్నా," అంటే ఏమనను? ఆయనకి నా చిక్కుడు మీద ప్రేమ ఉంది, గ్రౌండ్‌హాగ్ మీద జాలి ఉంది. లేనిదల్లా తుపాకి.

ఆగస్టంతా మాగ్నమా, పదిహేడా అని మళ్ళీ మొదటికొచ్చారు. సెప్టెంబరు రెండో వారానికి తోటలో పచ్చనిదేదీ మిగల్లేదు. మూలన ఒకే ఒక్క కర్ర మీద, గ్రౌండ్‌హాగ్‌కు అందని ఎత్తులో, పద్నాలుగు కాయలు ఎండుతున్నాయి. నాలుగు కాయలున్నా చాలు విత్తనానికి. పద్నాలుగంటే నాకు పండగే. విత్తనానికి వదిలిన తీగ అని తెలిసేలా మా అమ్మ కట్టినట్టే ఎర్ర ఊలు దారం కట్టాను. తొడిమ పెళుసెక్కడానికి ఇంకో పదిరోజులు. రోజూ పొద్దున్న వెళ్ళి లెక్కపెట్టి వచ్చేదాన్ని.

చివరికి ఒక శనివారం డెల్మర్ కొత్త తుపాకి తెచ్చాడు. మాగ్నం. పైన దుర్భిణి కూడా. నేను ఆ మధ్యాహ్నం చర్చిలో ఆడవాళ్ళతో బొంత కుట్టడానికి వెళ్ళాల్సి ఉంది, వెళ్ళాను. అప్పుడు జరిగింది హోబర్ట్ చెప్పగా విన్నాను.

మగాళ్ళు ముగ్గురూ వరండాలో తుపాకి సర్దుకుని, తొంభై గజాల అవతల బొరియ మీద దుర్భిణి పెట్టి గంటన్నర కూర్చున్నారు. తోటలో తినడానికి ఏమీ లేక గ్రౌండ్‌హాగ్ ఎప్పుడో మా వరండా కిందికి కాపురం మార్చింది. మెట్ల పక్కన రాలిన ఆపిల్‌పండు ఒకటి రెండు చేతులతో పట్టుకుని, వీళ్ళ కాళ్ళకు పదడుగుల దూరంలో కూర్చుని తింటోంది. మనుషులంటే దానికి భయం ఎందుకుంటుంది? వేసవంతా వాళ్ళని చూస్తూనే ఉంది. డెల్మర్ దుర్భిణిలోంచి చూస్తే అంత దగ్గర్లో మసక మసక బొచ్చు తప్ప ఏమీ కనబడలేదట. చివరికి తుపాకి పక్కనుంచి చూసి కాల్చాడు.

"తలకే తగిలింది వదినా! ఒక్క ముక్క మాంసం పాడవలేదు!" అన్నాడు హోబర్ట్ నేను మెట్లెక్కుతుండగానే.

"పదడుగులకి బెడ్డ విసిరినా తగిలేది," అన్నాను. కానీ నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. నా పద్నాలుగు కాయలకీ గండం గడిచింది.

లోపల్నుంచి కమ్మటి వాసన వస్తోంది. డెల్మర్ నా ఏప్రన్ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ మనిషి గుడ్డు కూడా ఉడకేసి ఎరగడు.

"కూర్చో. ఇవ్వాళ నువ్వేం ముట్టుకోవద్దు," అన్నాడు. "వేసవంతా నిన్ను ఏడిపించాం. అందుకని నేనే వండా."

గ్రౌండ్‌హాగ్‌ను రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడికించి, చిలగడదుంపలతో వేయించాడు. మొక్కజొన్న రొట్టె ఒక పక్క మాడింది. మధ్యలో నా పెద్ద గిన్నె, దాని అడుగున ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్కతో గోధుమ రంగు చిక్కుడు గింజలు.

"ఇవెక్కడివి?" అన్నాను.

"తోటంతా శుభ్రం చేశాంలే. గాలి చూసే పని అయిపోయింది కదా, పీలికలన్నీ విప్పేశాం. మూల కర్రకి హోబర్ట్ ఎర్రదే ఇంకోటి కట్టినట్టున్నాడు, అది విప్పుతుంటే కాయలు కనబడ్డాయి. ఆ దొంగముండ తినగా మిగిలినవి అవే. నీకిష్టం కదా అని కోసేశా."

నేను కూర్చున్నాను. ఆయన నా కంచంలోనే ముందు వడ్డించాడు, అందరికంటే రెండు చెంచాలు ఎక్కువగా. ఎస్టిల్ కళ్ళు మూసుకుని తిన్నాడు. హోబర్ట్ మారు వడ్డించుకున్నాడు.

"వదినా, ఇట్టాంటి చిక్కుడు నా జన్మలో తినలా. నాలుగు గింజలు విత్తనానికి ఇయ్యి, వచ్చే ఏడు మా ఆవిడ వేసుద్ది."

"ఇస్తదిలేరా, దానికేం కరువు," అన్నాడు డెల్మర్ దర్జాగా.

"తిను హోబర్ట్," అన్నాను. "విత్తనమంతా నీ కంచంలోనే ఉంది."

హోబర్ట్, ఎస్టిల్ పగలబడి నవ్వారు. డెల్మర్ కూడా నవ్వడం మొదలుపెట్టాడు, సగంలో ఆగిపోయాడు. నా మొహం చూశాడు, గిన్నె చూశాడు. ఏప్రన్‌తోనే లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. పీకి కుప్పేసిన తీగలన్నీ విప్పుతున్నాడు, ఒక్కో ఆకూ తిరగేస్తున్నాడు, మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో వెతుకుతున్నాడు. మిగతా ఇద్దరూ నవ్వడం మానేసి కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు, తినాలో వద్దో తెలీక.

చాలాసేపటికి తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఒక్కటి కూడా లేదే," అన్నాడు.

నేను నా కంచంలోవి ఒక్కొక్కటిగా తిన్నాను, ఒక్క గింజ కూడా వదల్లేదు. అచ్చం మా అమ్మ వండినట్టే ఉన్నాయి. ఉప్పు కూడా సరిగ్గానే వేశాడు.