చేపలు పడని వల

నేను ఒక వలను. చేపలు నాకు పడవు. నా గుడ్డ కన్నాలు ఎంత సన్నవంటే, వాటి ముందు పిండి జల్లెడ కన్నాలు కిటికీలంత. ఇత్తడి వలయానికి నన్ను గరాటులా కుట్టి, తోక చివర సీసా బిగించారు. నీళ్ళు నాలోంచి జారిపోతాయి. వాటిలో తేలే కంటికి ఆనని ప్రాణులు, పాచి ఆ సీసాలోకి దిగుతాయి. ప్లాంక్టన్ అంటారు వాటిని. చేపపిల్లకైనా, చిప్పల్లో బతికే గుల్లకైనా అదే అన్నం.

మొదట ఒక కాలేజీ బీరువాలో ఉండేదాన్ని. తనిఖీకి ఎవరైనా వస్తే నన్ను బల్ల మీద పరిచేవారు, వాళ్ళు వెళ్ళగానే మడిచేసేవారు. నీళ్ళు చూడని వలను అందరూ మెచ్చుకునేవారు. మనుషుల మీద నాకు అనుమానం మొదలైంది అక్కడే.

తర్వాత పరిశోధకురాలు సౌదామిని నన్ను అడిగి తీసుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగకు పట్టుకెళ్ళింది. అక్కడ నన్ను మించిన అనుమానపు మనిషి దొరికింది. పడవ నడిపే నూకరత్నం. ఏట్లో గుల్లలు ఏరి అమ్ముకుని బతుకుతుంది. ఆ ఏడు గుల్లలు నోళ్ళు తెరిచి చస్తున్నాయి. పొరుగూరి ఏట్లో ఇలాగే పరీక్షలు చేసి, గుల్లలు తీయకూడదని బోర్డు పాతారట. ఇక్కడా పాతితే ఆమెకు మరో బతుకుతెరువు లేదు. అందుకే సౌదామిని చేతుల మీంచి చూపు తిప్పలేదు.

మొగ దగ్గర నన్ను నీళ్ళలో లాగాక, సౌదామిని సీసాలో మందు చుక్కలు వేయబోయింది.

"ఆగండాగండి! ఏటండీ అది?"

"మందమ్మా. వేస్తే ఇందులోవి కదలవు. ల్యాబ్‌కు చేరేదాకా పాడవకుండా ఉంటాయి."

"అంటే సంపేత్తారా?"

"లెక్కపెట్టాలి కదా!"

"బాగుందండి యవ్వారం. మందోసి మీరే సంపేసి, మా ఏట్లో అన్నీ సచ్చిపోయాయని మీరే రాసేత్తారు. మడుసుల్ని లెక్కెట్టేప్పుడు కూడా ఇలాగే సేత్తారేటండీ?"

సౌదామినికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నాకు మాత్రం ఆ ప్రశ్న సబబుగానే తోచింది. సౌదామిని మందు పక్కన పెట్టి, చిన్న మైక్రోస్కోపు పడవ బల్ల మీద నిలిపి, చుక్క నీళ్ళు చూడమంది. నూకరత్నం ఒక కన్ను మూసి వంగింది.

"అమ్మ బాబోయ్! ఇది గెంతుతుందండీ! దీనికి మీసాలు కూడానూ!"

తర్వాత పడవను రొయ్యల చెరువు తూము దగ్గరికి తిప్పించింది సౌదామిని. ఆ చెరువు నూకరత్నం అల్లుడిదే. తూములోంచి మురుగు ఏట్లోకి దూకుతోంది. ఆ నీళ్ళు నా ఒంటికి జిగురులా పట్టేశాయి. ఈసారి నూకరత్నం చాలాసేపు చూసింది. ఆకుపచ్చ పోగులు, వాటి మీద పోగులు. గెంతేది ఒక్కటీ లేదు.

"ఇందులో మందొయ్యలేదు కదండీ?"

"మీరు చూస్తూనే ఉన్నారుగా. రొయ్యలు తినగా మిగిలిన మేత, అడుగు మురుగు వదిలితే గుల్ల తినలేని ఈ పోగుల పాచి ఒక్కటే పెరుగుతుంది. గుల్లకు తిండీ ఉండదు, గాలీ ఉండదు. ఇది ఆగితే ఏరు తేరుకుంటుంది. బోర్డు పాతమని నేను రాయక్కర్లేదు."

అనుమానం ఎక్కడికి పోవాలో తెలియక నూకరత్నం మొహంలోనే కాసేపు నిలబడిపోయింది.

గట్టు మీద అల్లుడు చూస్తున్నాడు. ఆ పల్లెలో అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. నూకరత్నం కొంగు తల మీదికి లాక్కుని, అతనికి వీపు తిప్పి, నన్ను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఏమ్మా వలా! మా అల్లుడుగారు శానా తెలివైనోరు. సెరువు మురుగంతా తెచ్చి అత్తగారి కంచంలో పోత్తన్నారు. ఆ తూము మూసేత్తారో, గుల్లలన్నీ సచ్చాక అత్తనీ ఆరే మేపుతారో, కాత్త కనుక్కో!"

ఇన్నేళ్ళలో నన్నొక మనిషి పలకరించడం అదే మొదలు. ఆ పలకరింపు నాకు కాదని వెంటనే అర్థమైంది. అల్లుడు గట్టు దిగి తూము దగ్గరికి నడిచాడు. తూము మూసే పలకలు ఒక్కొక్కటే దిగాయి.

ఇప్పుడు చిరిగిపోయి ల్యాబ్ మూల మేకుకు వేలాడుతున్నాను. కొత్త వల ఏటికి వెళ్ళొస్తోంది. నీళ్ళలో రకరకాల ప్రాణులు కనిపిస్తున్నాయని, గుల్లలు బతుకుతున్నాయని, బోర్డు ఊసే లేదని సౌదామిని సంబరంగా చెబుతుంది. నమ్మాలనే ఉంది. కానీ వీళ్ళు వెళ్ళేది ముందుగా కబురు పెట్టి. పడవ మలుపు తిరిగాక ఆ తూము పలకలు దిగే ఉంటాయో, మళ్ళీ లేస్తాయో ఏ వలా చెప్పలేదు.