గట్టు మలుపు దగ్గర మిస్సింగ్

ఇరవై ఆరేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నవాణ్ణి, నా చేతికి దొరకని రోగం ఉండదని అనుకునేవాణ్ణి. అనుకుని ఊరుకోక, పాల్వంచలో నా షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ ఆ మాట వినిపించేవాణ్ణి. రెండువేల నాలుగు ఎండాకాలంలో భీమ్లా అంబాసిడర్ నా నోరు మూయించింది.

భీమ్లాది అడవి అంచున తండా. చుట్టుపక్కల గూడేలకు అతని పాత పెట్రోలు బండే దిక్కు. నొప్పులొచ్చినా, పాము కరిచినా, మనిషిని ఎక్కించుకుని భద్రాచలం దవాఖానాకు చేర్చేది అతనే. అలాంటివాడు ఆ రోజు నాలుగోసారి షెడ్డు ముందు బండి ఆపి, తలొంచుకుని దిగాడు. మే నెల ఎండలో కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"మల్ల మిస్సింగ్ కొడుతుంది మేస్త్రీ," అన్నాడు. "గట్టు ఎక్కుతాంటే గుంజుకుంటది, ఆగుతది, మల్ల గుంజుకుంటది. రెండు కిలోమీటర్లు పోయినంక దానంతట అదే మంచిగైతది."

"రోజూనా?"

"రోజూ అయితే నీకు దొరకకపోవునా?"

ఆ మాట నిజమే. ఎప్పుడూ ఉండే రోగాన్ని పట్టుకోవడం తేలిక, అప్పుడప్పుడు వచ్చేదానితోనే చావు. అప్పటికే ప్లగ్గులు మార్చాను. పాయింట్లు గీకాను. కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. ట్యాంకు దింపి అడుగున చేరిన మడ్డి తీశాను. విప్పిన ప్రతిసారీ నేనొక్కణ్ణే ఆ కొండదారి గట్టు మీదుగా గోదావరి వంతెన దాకా నడుపుకుంటూ వెళ్లి వచ్చాను. ఒక్కసారి కూడా బండి తుమ్మలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, బండి మీద కాదు, భీమ్లా మీద.

"మధ్యల ఎక్కడన్న ఇంజన్ బంద్ చేస్తున్నవా?" అని అడిగాను. ఇది కూడా నాలుగోసారే.

"ఎక్కడ చెయ్య. బ్యాటరీ పాతది, బంద్ చేస్తే తోయాలె గదా."

"అయితే నీకే తోలరాదు. క్లచ్ మీద కాలు పెట్టి తోల్తున్నవ్."

పద్దెనిమిదేళ్లుగా ఆ అడవి దారుల్లో బండి నడుపుతున్న మనిషిని పట్టుకుని అన్నాను. "గట్లనే అనుకో మేస్త్రీ. ఇంక కడుపుతోని ఉన్నోళ్లను ఎక్కియ్య. మా పక్క గూడెం భీమక్క కోడలు ప్రమీలకు నెలలు నిండినయి. గూడెమోళ్లు ఈ బండి వద్దంటున్నరు. నేను గూడ వద్దనే అంటున్న. గట్టు మీద ఆగిపోతే ఏం గావాలె?" అన్నాడు.

బండి లేకపోతే ఆ పిల్లను ఎడ్లబండిలో రాళ్లదారిన పదకొండు కిలోమీటర్లు తీసుకొచ్చి రోడ్డెక్కించాలి. ఆ తర్వాత బస్సు దొరకాలి. అది తలచుకున్నాక నాకు కోపం కాస్త దిగింది.

మర్నాడు షెడ్డు మూసి అతనితో గూడెం వెళ్లాను. పక్క సీట్లో కూర్చుని, "రోజూ ఎట్ల తోల్తవో గట్లనే తోలు. నన్ను మనిషి అనుకోకు, బస్తా అనుకో," అన్నాను. వెనక సీట్లో భీమక్క, ఆమె మరిది పగిడయ్య చింతపండు బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు, భద్రాచలంలో అమ్ముకోవడానికి.

గట్టు మొదట్లో మలుపు. అక్కడ వేపచెట్టు కింద ముత్యాలమ్మ రాయి. భీమ్లా బండి ఆపి తాళం తిప్పాడు, ఇంజన్ ఆగింది. ముగ్గురూ దిగారు. పగిడయ్య సొరకాయ బుర్రలోంచి అమ్మ మీద నీళ్లు పోశాడు. అతనూ భీమక్కా దండం పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. భీమ్లా మాత్రం ఎండలో కళ్లు మూసుకుని నిలబడే ఉన్నాడు. పది నిమిషాలైంది.

"ఎక్కడ బంద్ చెయ్యనన్నవ్ గదయ్యా!" అతను రాగానే అరిచాను.

"ఇది బంద్ చేసుడేంది మేస్త్రీ? అమ్మ కాడ గదా."

అబద్ధం చెప్పలేదతను. ఆ దారిన పోయేవాళ్లెవరూ అమ్మ దగ్గర ఆగడాన్ని ఆగడం కింద లెక్కపెట్టరు. ఆమె ముందు ఇంజన్ మోగనివ్వరు. నేనొక్కణ్ణి వెళ్లినప్పుడల్లా ఆ మలుపులో చూపైనా తిప్పకుండా దూసుకుపోయాను.

"మొక్కితే మొక్కినవ్, గింతసేపా?"

జవాబు భీమక్క చెప్పింది. "ఇదివరకు గింతసేపు లేకుండె. హోలీ అప్పుడు ఒక పిల్లకు నొప్పులొస్తే, ఆలిస్యమైతదని ఈడ ఆపకుండ ఉరికిచ్చిండు. తల్లీ బిడ్డా మంచిగనే ఉన్నరు. నాలుగొద్దులకే బండి గిట్ల మొదలువెట్టింది. అప్పటిసంది చెప్పులు ఇడిసిండు."

"ఎంత మొక్కినా పోతలేదు," అన్నాడు భీమ్లా స్టీరింగ్ వైపు చూస్తూ. "ఎంత ఎక్కువసేపు నిలబడితే గంత ఎక్కువ గుంజుకుంటంది. అమ్మ నన్ను మాఫ్ చేస్తలేదు."

ఆగినకొద్దీ ముదురుతోంది. రోగం ఏమిటో ఆ మాటలోనే ఉంది.

అక్కడ దారి కొద్దిగా వాలు. బ్రేకు వదిలి గేరు వేయగానే ఇంజన్ అంటుకుంది. అర కిలోమీటరు బాగానే పోయింది. ఎక్కుడు మొదలవగానే గుంజుకోవడం, ఆగడం, మళ్లీ గుంజుకోవడం. ఆపమని, దిగి బానెట్ ఎత్తాను. పెట్రోలు పైపు మీద వేలు పెడితే చుర్రుమంది. పగిడయ్య బుర్రలోని నీళ్లతో నా తువ్వాలు తడిపి పైపు మీద వేశాను. బుస్సుమని ఆవిరి లేచింది. కాసేపాగి తోయించి స్టార్ట్ చేయిస్తే ఇంజన్ నిదానంగా, శుభ్రంగా మోగింది.

అప్పుడు చూశాను ఆ పైపు ఎలా ఉందో. పొగ బయటకు పోయే గొట్టానికి దాదాపు ఆనుకుని ఉంది. దాన్ని కట్టిన నల్లటి ట్యూబు ముక్క రెండు చుట్లు తిరిగి, కొస లోపలికి దోపి ఉంది. అలా కట్టేది నేనే. దసరాకు పాత పైపు కారుతుంటే, సరిపడా ముక్క దొరక్క, పొట్టి ముక్కను దగ్గరి దారిన వంచి బిగించాను. ఎండలు ముదిరేలోపు మారుద్దామనుకుని మరిచిపోయాను. బండి నడుస్తుంటే గాలికి, పారే పెట్రోలుకు పైపు చల్లబడుతుంది. వేడి మీద పది నిమిషాలు ఆపితే అందులోని పెట్రోలు ఆవిరైపోతుంది. అన్నిసార్లు అదే బానెట్ ఎత్తి, భీమ్లా తోలడం దాకా అన్నిటినీ అనుమానించి, నా కట్టును మాత్రం చూడకుండా వదిలేశాను.

పెట్రోలు కల్తీదని చెబితే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చింది కూడా, దాచడమెందుకు? కానీ కాలే తారు మీద కాలు మార్చి కాలు ఎత్తుతూ నిలబడ్డ భీమ్లాను చూసి నోరు రాలేదు.

"భీమ్లా, తప్పు నీది కాదు. ఈ పైపు నేనే గిట్ల బిగించిన. నువ్వు మొక్కుతున్నంతసేపు ఇందులో పెట్రోల్ మరుగుతుంది. గంతే."

తిడతాడనుకున్నాను. అతను నా మొహంలోకి చూసి చిన్న గొంతుతో అడిగాడు. "అయితే అమ్మకు నా మీద కోపం లేదా?"

"లేదు," అన్నాను. దేవుళ్ల సంగతి నాకేం తెలుసని అన్నానో తెలియదు.

భీమక్క బండి దిగింది. "రెండు నెలలు వాణ్ణి ఎండల నిలబెట్టినవ్ మేస్త్రీ," అంది. చెంపమీద కొట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

పైపును అక్కడే దూరంగా వంచి, మధ్యలో చెక్కముక్క పెట్టి కట్టాను. భీమక్కకు నా మాట చాలలేదు. "ఎనకకు తిప్పు. అమ్మ కాడ బంద్ చేసి సూద్దాం," అంది.

ఈసారి నేనూ చెప్పులు విడిచి దిగాను. మట్టి నిప్పులా కాలింది. పాతికదాకా లెక్కపెట్టేసరికి నిలబడలేకపోయాను, అయినా నిలబడ్డాను. అతనిది కాదమ్మా, నాది, అనుకున్నాను.

"జల్దీ రా మేస్త్రీ," వెనక నుంచి భీమ్లా కేకేశాడు. "ఇంజన్ సల్లారితే పరీక్ష ఏం కాను?"

పది నిమిషాలు గడిచాకే కదిలాం. బండి గట్టు మొత్తం ఎక్కింది. ఒక్కసారి కూడా గుంజుకోలేదు. పైన చదునుకు చేరగానే భీమక్క ముందుకు వంగి భీమ్లా భుజం తట్టింది.

"చింతపండు రేపమ్ముకుందాం. గూడేనికి తిప్పు బిడ్డా. ప్రమీలను ఇయ్యాల్నే దవాఖానాకు తీస్కపోదాం, నీ బండిల."

భీమ్లా తలూపాడు. బండి పక్కకు ఆపి, సీటు కిందకు చెయ్యి పెట్టి చెప్పులు తీశాడు. వాటి మీది దుమ్మును లుంగీ కొసతో మెల్లగా తుడిచి, తొడుక్కున్నాడు.